పగటి కునుకు - దేహపు బరువు

మధ్యాహ్న భోజనమైన పిదప అరుగుమీదనో, వేపచెట్టు నీడన నులకమంచముమీదనో కొంతసేపు నడుము వాల్చుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న అలవాటు. తెల్లవారకముందే అరక కట్టి, పొద్దు నడినెత్తికి వచ్చువరకు దున్నిన రైతునకు ఆ విశ్రాంతి న్యాయముగా దక్కవలసినదే. నేడు దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము, పొలమునకు పోవుటకు మోటారుసైకిలు వచ్చినవి. ఒంటికష్టము తగ్గినది, కునుకు మాత్రము తగ్గలేదు.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 36.3 మంది, పురుషులలో 31.1 మంది ఉండవలసినదానికంటె అధికమైన బరువు కలవారు. తెలంగాణమున స్త్రీలలో 30.1, పురుషులలో 32.3. ఇవి పట్టణములను, పల్లెలను కలిపి చెప్పిన అంకెలే అయినను, ఊబకాయము పట్టణవాసుల వ్యాధి అని మనము ధీమాగా ఉండదగిన కాలము గడచిపోయినది. మధుమేహము, రక్తపుపోటు దీని వెన్నంటి వచ్చును. డాక్టరుగారు బరువు తగ్గవలెనని చెప్పగానే ఇంటివారు మొదట ఇచ్చు సలహా, “మధ్యాహ్నము నిద్ర మానుము” అని. ఈ సలహాలో నిజమెంత?

ముందుగా లెక్క చూతము. ఆహారము వలన కలుగు శక్తిని కాలరీలలో కొలుతురు. సుమారు 65 కిలోల బరువు గల మనిషి నిద్రించునపుడు గంటకు 60, 65 కాలరీలు ఖర్చగును. మేలుకొని ఊరక కూర్చున్నను 80, 85 కంటె మించదు. అనగా అరగంట కునుకునకును, అరగంట రచ్చబండ కబుర్లకును తేడా సుమారు పది కాలరీలు మాత్రమే! కునుకు మాని చక్కెర వేసిన టీ ఒకటి త్రాగినచో లెక్క తలక్రిందులగును. అదే సమయమున చురుకుగా నడచినను, పెరటిలో పాదులు త్రవ్వినను గంటకు 200 కాలరీలకు పైగా ఖర్చగును. కావున కునుకు ఏ పనికి బదులుగా వచ్చినదో చూడక దానిని నిందించుట తగదు.

అసలు విషయము రాత్రి నిద్రయందున్నది. మన శరీరమున ఆకలిని నడిపించు రెండు హార్మోనులు కలవు. కడుపులో ముఖ్యముగా పుట్టు గ్రెలిన్ “ఆకలి” అని మెదడునకు తెలుపును. క్రొవ్వు కణములనుండి వచ్చు లెప్టిన్ “చాలును” అని తెలుపును. 2004లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు, వేరొకసారి రెండు రాత్రులు పదేసి గంటలు పడకపై ఉంచి చూచిరి. నిద్ర తగ్గినపుడు లెప్టిన్ నూటికి 18 పాళ్లు తగ్గినది, గ్రెలిన్ 28 పాళ్లు పెరిగినది, ఆకలి 24 పాళ్లు హెచ్చినది. మనస్సు తీపిమీదికి, ఉప్పని చిరుతిండ్లమీదికి, పిండివంటలమీదికి పోయినది. ఆకలి రుచి ఎరుగదన్నారు పెద్దలు. నిద్ర చాలని ఆకలి మాత్రము రుచులనే వెదకునట్లున్నది.

2010లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన, బరువు తగ్గగోరువారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. అధిక బరువు గల పదిమందికి ఆహారము తగ్గించి, 14 దినములు రాత్రికి 8 1/2 గంటలు పడకపై ఉండనిచ్చిరి. వేరొక విడత వారికే అదే తీరున ఆహారము తగ్గించి, పడకపై 5 1/2 గంటలు మాత్రమే ఉండనిచ్చిరి. రెండు విడతలలోను తగ్గిన బరువు సుమారు 3 కిలోలే. కాని నిద్ర చాలినపుడు కరగిన క్రొవ్వు 1.4 కిలోలు, చాలనపుడు 0.6 కిలో. మిగిలినదంతయు కండ మొదలైన, పోగొట్టుకొనరాని భాగము. త్రాసు రెండు సారులును ఒకే మాట చెప్పినది. లోపల జరిగినది వేరు. పస్తుండి, నిద్ర కాచి బరువు తగ్గితిమని సంతోషించువారు ఈ సంగతి యోచింపవలెను.

2022లో వెలువడిన పరిశోధనలో, రాత్రి 6 1/2 గంటలకంటె తక్కువ నిద్రించు 80 మందిని తీసికొని, వారిలో కొందరికి నిద్ర పెంచుకొను పద్ధతులు నేర్పిరి. తిండి తగ్గింపుమని ఎవరును చెప్పలేదు. వారు దినమునకు గంటకు పైగా ఎక్కువ నిద్రించి, నిద్ర పెంచుకొననివారితో పోల్చగా సుమారు 270 కాలరీల ఆహారము తక్కువ తినిరి. పెద్దవారికి రాత్రి కనీసము 7 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు.

ఇక పగటి కునుకు. స్పెయిను దేశమున ముర్సియా ప్రాంతములో మనవలెనే మధ్యాహ్నము నిద్రించు ఆచారము కలదు. అచ్చటి 3,275 మంది వివరములు 2023లో ప్రకటింపబడినవి. అరగంటకు మించి నిద్రించువారిలో దేహపు బరువు, రక్తపుపోటు కొంత ఎక్కువగా కనబడినవి. అరగంట లోపల లేచువారిలో అట్లు కనబడలేదు. దీర్ఘనిద్రయే దీనికి కారణమని ఈ లెక్కలనుబట్టి చెప్పలేము. బరువు వలననే మగత కలుగుటయు ఉండవచ్చును. అయినను సాయంకాలమువరకు నిద్రించినవానికి రాత్రి పండ్రెండైనను కన్ను మూతపడదు, మరునాడు మరల పగటి నిద్ర కావలసివచ్చును. ఈ చక్రమును తెంపుట ముఖ్యము. భోజనము కాగానే పది నిమిషములు నడచి, తరువాత మూడు గంటల లోపల ఇరువది, ముప్పది నిమిషములు కునుకు తీసినచో భయపడనక్కరలేదు.

చరకసంహిత ఈ విషయమున ఆశ్చర్యము కలిగించునంత సూక్ష్మముగా చెప్పినది. రాత్రులు చిన్నవైన గ్రీష్మమున పగటి నిద్ర మంచిదనియు, తక్కిన ఋతువులలో కూడదనియు, మేదస్సు గలవారు, నెయ్యి నూనెలు నిత్యము సేవించువారు ఎన్నడును పగలు పరుండరాదనియు అందు కలదు. వృద్ధులకు, బాలురకు, బరువు మోసి నడచి అలసినవారికి మినహాయింపు ఇచ్చినది. స్థూలకాయులకు జాగరణమును గూడ చికిత్సగా చెప్పినది. ఈ ఒక్క అంశమును నేటి పరిశోధన సమర్థించుటలేదు.

రాత్రి కాపలాదారులు, ఆస్పత్రి సిబ్బంది, పసిబిడ్డల తల్లులు పగలు నిద్రించుట సోమరితనము కాదు. రాత్రి బిగ్గరగా గురకపెట్టుచు, మధ్య మధ్య ఊపిరి ఆగినట్లయి ఉలికిపడి, పగలు ఎచ్చట కూర్చున్న అచ్చటనే తూగు స్థూలకాయుడు ఊరిలో ఉన్నచో, అతనిని పరిహసింపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అది నిద్రలో శ్వాస ఆగు వ్యాధి కావచ్చును. అట్టివాడు లారీ, ట్రాక్టరు నడుపుట అతనికే కాక ఇతరులకును ప్రమాదము.

ఇందు పంచాయతీకి పని ఏమని సభ్యులు అడుగవచ్చును. ఎవరి పడక వారిదే అయినను, రాత్రి నిద్ర చెడగొట్టునవి పెక్కు బజారులోనివే. మురుగుకాలువలో దోమలు పెరిగినచో పంకాలేని ఇంట ఎవరును నిద్రించలేరు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట లౌడుస్పీకరు వాడరాదు. ఏడాదికి 15 దినములకు మించకుండ, పండుగల సందర్భమున రాత్రి 12 వరకు ప్రభుత్వము సడలింపు ఈయవచ్చును. ఈ నిబంధన ఉత్సవ సంఘములవారికి ముందుగానే తెలిపినచో తగవులు రావు.

అన్నిటికంటె సులభమైనది నీటి వేళ. కొన్ని గ్రామములలో ట్యాంకు నీరు తెల్లవారుజామున 4 గంటలకే వదలుదురు. అందరికంటె ఆలస్యముగా పరుండు ఇల్లాలే బిందెలతో అందరికంటె ముందు లేవవలసివచ్చును. ఇట్టి గ్రామములలో నీటిని 6 గంటలకు వదలుటకు నిధులు అక్కరలేదు. తదుపరి సమావేశమున ఒక తీర్మానము, వాటర్‌మన్‌కు ఒక ఉత్తరువు చాలును.