కమాను, చాపం, ఫార్నిక్స్

పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ బైపీసీ ఇంగ్లీషు మీడియంలో చేరిన కొత్తలో మమ్మల్ని భయపెట్టిన మాటల్లో "ఫార్నిక్స్" ఒకటి. మెదడు పటంలో చూసి బట్టీ పట్టేవాళ్లం, తెల్లారేసరికి మరచిపోయేవాళ్లం. అర్థం తెలిశాక మాత్రం మరువలేదు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాం.

ఫార్నిక్స్ లాటిన్ మాట. కమాను అని అర్థం. క్రీ.పూ. 121లో రోము నగరంలో కట్టిన ఒక విజయ తోరణం పేరు "ఫార్నిక్స్ ఫేబియానస్". శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు కమానులా వంగిన భాగాలకు ఇదే పేరు పెట్టారు. మెదడులో ఫార్నిక్స్ ఒక నాడీ తంతువుల కట్ట. హిప్పోక్యాంపస్ దగ్గర మొదలై, థాలమస్ మీదుగా కమానులా వంగి, హైపోథాలమస్ వైపు దిగుతుంది. జ్ఞాపకశక్తికి ఇది చాలా ముఖ్యం. కింది కనురెప్పను లాగితే లోపల కనిపించే మడత పేరు కూడా ఫార్నిక్సే. కంటి మందు చుక్కలు వేసేది అక్కడే.

కమానులు చూడాలంటే మనం రోము వెళ్లనక్కరలేదు. నానక్‌రామ్‌గూడ నుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్తే గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు వస్తాయి. అక్కడ ఎటు చూసినా కమానులే. 1591లో కట్టిన చార్మినార్‌కు నాలుగు వైపులా నాలుగు కమానులు.

ఇక్కడే ఒక వింత ఉంది. పర్షియన్ భాషలో "కమాన్" అంటే విల్లు. మన తెలుగు పాఠంలో "మహాధమనీ చాపం" అని చదివాం కదా! సంస్కృతంలో చాపమన్నా విల్లే. ఇంగ్లీషు "ఆర్చ్"కు మూలమైన లాటిన్ "ఆర్కస్" అన్నా విల్లే! మూడు భాషలవారికీ తోచిన పోలిక ఒక్కటే.

అలాంటి చాపం మన పాదంలోనూ ఉంది. తడి కాలితో గచ్చు మీద అడుగు వేయండి. చాలామందికి లోపలి వైపు మధ్యలో అచ్చు పడదు. అక్కడ ఎముకలు కమాను రాళ్లలా ఒకదానికొకటి ఆనుకుని ఒంటి బరువును మోస్తాయి. మాలో కొందరి అమ్మానాన్నలు నానక్‌రామ్‌గూడ మేడల పనిలో ఇసుక, సిమెంటు తట్టలు మోసినవారే. ఆ బరువంతా చివరకు మోసింది వాళ్ల పాదాల్లోని ఈ కమానులే.

కాబట్టి మిత్రులారా! కొత్త మాట ఎదురైతే భయపడవద్దు. అర్థమేమిటో, ఎక్కడ పుట్టిందో మాస్టారుని అడగండి. పరాయిదనుకున్న మాట మన ఊరి కోటలోనో, మన అరికాలిలోనో కనిపించవచ్చు.