బ్యాక్‌హో లోడర్లలో హైడ్రాలిక్ ప్రసార వాల్వుల విద్యుత్ లోప నిర్ధారణ

పరిచయం: భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో ఆయిల్ పామ్ తోటలు విస్తరించాయి. అక్కడ కాలువలు, కుంటలు తవ్వే లోడరు ముందుకు కదలనప్పుడు వెంటనే గేరుబాక్సు విప్పడం వృథా వ్యయం. దిశను మార్చే వాల్వు సోలినాయిడ్‌కు కరెంటు సక్రమంగా అందుతున్నదా అని మొదట పరీక్షించాలి.

పరీక్షా విధానం: యంత్రాన్ని సమతల నేలపై నిలిపి, బకెట్టు దించి, ఇంజను ఆపాలి. పార్కింగ్ బ్రేకు వేస్తే కొన్ని యంత్రాల్లో ఈ సర్క్యూట్ తెగుతుంది కనుక చక్రాలకు అడ్డుకట్టలు తప్పనిసరి. ప్లగ్గు తీసి కాయిల్ నిరోధం కొలవాలి. అనంత నిరోధం తీగ తెగినట్లు, శూన్యానికి చేరువైన విలువ కాయిల్ షార్టయినట్లు సూచిస్తాయి.

విశ్లేషణ: 12 వోల్టులపై 6 ఓమ్‌ల కాయిల్ 2 ఆంపియర్లు తీసుకుంటుంది. సరఫరా మార్గంలో తేమకు తుప్పుపట్టిన అతుకు 2 ఓమ్‌ల నిరోధం చేర్చితే కరెంటు 1.5 ఆంపియర్లకు, కాయిల్‌కు అందే శక్తి 24 వాట్ల నుండి 13.5 వాట్లకు తగ్గుతుంది. వాల్వు పూర్తిగా కదలకపోవచ్చు. ప్లగ్గు విప్పి కొలిస్తే కరెంటు ప్రవహించదు కనుక మీటరు 12 వోల్టులే చూపి లోపాన్ని దాచుతుంది. ప్లగ్గు తగిలించి, స్విచ్చు వేసి, కాయిల్‌కు కరెంటు ప్రవహించే స్థితిలో కొలిస్తే 9 వోల్టులే కనిపిస్తాయి.

ముగింపు: విద్యుత్ కొలతలన్నీ సరిగా ఉన్నప్పుడే ఆయిల్ పీడనాన్ని, వాల్వు స్పూల్‌లోని మలినాలను పరిశీలించాలి.