గడ్డపు తొండ

ఆస్ట్రేలియా ఖండపు నడిభాగమున వర్షము మిక్కిలి తక్కువ. ఎఱ్ఱని నేల, అక్కడక్కడ పొదలు, ఎండిన మోడులు తప్ప కనుచూపుమేర మఱేమియు కానరాదు. అట్టి చోట ఉదయముననే ఒక మోడుపైకి ప్రాకి, దేహమును పలుచగా పఱచి, ఎండ కాగు ప్రాణి యొకటి కలదు. దాని గొంతు క్రింద ముండ్లవంటి పొలుసులు వరుసలు తీరియుండును. బెదిరినపుడు అది గొంతును ఉబ్బించును. అపుడా పొలుసులు నిక్కి, నల్లబడి, గడ్డమువలె కనబడును. కావుననే దానికి ఆంగ్లమున ‘బియర్డెడ్ డ్రాగన్’ అను పేరు కలిగెను. దాని శాస్త్రనామము పొగోనా విట్టిసెప్స్. గ్రీకు భాషలో పొగోన్ అనగా గడ్డమే.

మన తోటల కంచెలపై తల యాడించు తొండయు, ఇదియు ఒకే కుటుంబమునకు చెందినవి. కనుక దీనిని గడ్డపు తొండ యనుట యుక్తము. తోకతో కూడ దీని పొడవు 45 నుండి 60 సెంటీమీటర్లుండును. తొండ ముదిరి ఊసరవెల్లి యగునని సామెత. అది నిజము కాకున్నను, రంగు మార్చు విద్య దీనికిని కొంత కలదు. చల్లని ఉదయమున ఒడలు నల్లబడి వేడిని త్వరగా గ్రహించును; వేడెక్కిన పిమ్మట రంగు తేలికపడును. బలమైనది ఎదురైనపుడు చిన్నది ముందుకాలొకటి యెత్తి మెల్లగా గాలిలో త్రిప్పును. పోరు వలదని దాని భావము.

ఇది సాధుస్వభావము గలది. కావున పెక్కుదేశములలో దీనిని ఇండ్లలో పెంచుచున్నారు. ఆస్ట్రేలియాలో వీనిని అడవినుండి పట్టి తెచ్చుట నేరము; వ్యాపారమునకై సజీవముగా ఎగుమతి చేయుటయు నిషిద్ధము. ఇతరదేశముల ఇండ్లలో నున్నవి సాధారణముగా మనుష్యుల పెంపకములోనే పుట్టిన సంతతి.

ఈ పెంపకము సులభముగా తోచును గాని, ఇందొక చిక్కు కలదు. కుక్కయు పిల్లియు తమ దేహపు వేడిని తామే పుట్టించుకొనును. సరీసృపమునకు ఆ శక్తి లేదు. దానికి వేడి వెలుపలినుండియే రావలెను. ఇంటిలోని పెట్టెకు సూర్యుడు రాడు. పెంచువాడే ఆ సూర్యుని కల్పింపవలెను.

ఎదిగిన తొండకు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల పెట్టె యుండవలెను. ఒక కొనయందు రాతిపైన గాని కొమ్మపైన గాని వేడి దీపమును అమర్చి, అచట సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కలుగునట్లు చూడవలెను. రెండవ కొన 25 డిగ్రీల ప్రాంతమున చల్లగా నుండవలెను. తొండ తనకు వలసినపుడు ఎండకును, వలసినపుడు నీడకును పోవును. వేడిని చేతితో అంచనా కట్టరాదు, ఉష్ణమాపకముతో కొలువవలెను. దీపము తొండకు అందరాదు. రాత్రి దీపములను ఆర్పవలెను. దాగుటకొక గూడు ఉండవలెను. పిల్లలు ఇసుకను మ్రింగి ప్రేగులు మూసికొనిపోవు ప్రమాదము కలదు. వాని పెట్టెలో కాగితము పఱచుట మేలు. రెండు మగవానిని ఒకే పెట్టెలో నుంచినచో పోరాడును.

వేడి యొక్కటియే చాలదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకిననే దేహమున డి విటమిను తయారగును. అది లేనిదే ఆహారములోని కాల్షియము ఎముకలకు పట్టదు. కిటికీ అద్దము ఈ కిరణములను అడ్డగించును. కావున పెట్టెను కిటికీ చెంత నుంచి ఎండ తగులుచున్నదని తృప్తిపడుట పొరపాటు. అట్టి తొండ కడుపునిండ తినుచున్నను దవడ మెత్తబడును, కాళ్లు వంకరలు పోవును. వంగిన ఎముకలు మరల పూర్తిగా చక్కబడుట అరుదు. ఈ కిరణముల నిచ్చు ప్రత్యేక దీపమును పగటివేళ 10 నుండి 12 గంటలు వెలిగింపవలెను. వెలుగు తగ్గకున్నను కాలక్రమమున కిరణముల శక్తి తగ్గును గనుక, దానిని తయారుచేసినవారు చెప్పిన గడువునకు మార్చవలెను.

పిల్లలకు పురుగులు ప్రధానాహారము. ఎదిగినవానికి ఆకులు, కూరలు హెచ్చుగా నుండవలెను. పురుగు తొండ రెండు కన్నుల నడిమి దూరమునకు మించరాదు. ఇలకోళ్లు, మిడతలు, గుమ్మడి, ఆవాకు మంచివి. పురుగులపై కాల్షియపు పొడి చల్లుదురు. పాలకూర తఱచుగా పెట్టినచో కాల్షియము ఒంటికి పట్టదు. మిణుగురు పురుగును ఎన్నడును పెట్టరాదు. అమెరికాలో ఒకటి రెండు మిణుగురులను తిని చనిపోయిన గడ్డపు తొండలు కలవు. తొండను తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగవలెను. దాని మలమున సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులుండవచ్చును.

చక్కగా పోషించినచో ఇది పదేండ్లు, అంతకుమించియు జీవించును. ఆకలియైన కుక్క మొఱుగును, పిల్లి అఱచును. ఈ మూగప్రాణి వేడి చాలకున్నను, ఎముక వంగుచున్నను నోరెత్తి చెప్పదు. దాని అవసరమును ముందుగా తెలిసికొనుట పెంచువాని విధి. ప్రేమ ఎంత యున్నను, తెలివి తోడు కానిచో ఆ ప్రేమయే ప్రాణికి కీడగును. మన కంచెమీది తొండకు సూర్యుడు ఎవరి దయయు లేకయే దినదినమును వెలుగునిచ్చుచున్నాడు. దానిని పెట్టెలో బంధింపక, రాయి విసరక, దూరమున నిలిచి చూచుటయే దానికి మనము చేయదగిన మేలు.