నిఘా యాప్‌కే తాళం లేదు: ఐడీఓఆర్ లోపం అంటే ఏంటి?

ద ట్రూత్‌స్పై అనేది ఎదుటివాళ్ల ఫోన్‌లో వాళ్లకి తెలియకుండా వేసే స్పై యాప్. మెసేజ్‌లు, ఫొటోలు, కాల్ రికార్డింగ్‌లు, లొకేషన్ అన్నీ సర్వర్‌కి పంపేస్తుంది. దాదాపు 4 లక్షల ఫోన్ల డేటా ఆ సర్వర్ నుంచి బయటికి పొక్కేలా ఉందని 2022 ఫిబ్రవరిలో టెక్‌క్రంచ్ బయటపెట్టింది. లోపం నంబర్ సీవీఈ-2022-0732, రకం ఐడీఓఆర్.

రైల్వే క్లోక్‌రూమ్‌లో రసీదు చూడకుండా, నంబర్ చెప్తే చాలు బ్యాగ్ ఇచ్చేస్తే ఎలా ఉంటుంది? ఐడీఓఆర్ అంతే. రిక్వెస్ట్‌లో ఐడీ 101 బదులు 102 అని పెడితే వేరేవాళ్ల రికార్డ్ వచ్చేస్తుంది. లాగిన్ అయ్యాడా అన్నది ఒక చెక్, ఆ రికార్డ్ అతనిదేనా అన్నది ఇంకో చెక్. రెండోది సర్వర్‌లోనే, ప్రతి రిక్వెస్ట్‌కీ జరగాలి. యాప్‌లో బటన్ దాచేస్తే సరిపోదు. ఐడీని పొడుగ్గా, ఊహించలేనట్టు పెట్టడం కూడా దీనికి బదులు కాదు.

ఇక్కడ మరీ దారుణం ఏంటంటే, డేటా పోయినవాళ్లకి అసలు ఆ యాప్ ఉందనే తెలీదు. పాస్‌వర్డ్ మార్చుకుందామన్నా వాళ్లకి అకౌంటే లేదు.

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందా, యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ లిస్టుల్లో తెలియని పేర్లున్నాయా చూడండి. దొరికితే వెంటనే తీసేయకండి. తీసేస్తే పెట్టినవాళ్లకి తెలిసిపోవచ్చు, ముందు మీ భద్రత చూసుకోండి.