బాటలపై ప్రాణరక్షణము: శ్రీలంక నేర్పు పాఠము

లోకమున రోడ్డు ప్రమాదముల వలన 2021వ సంవత్సరమున సుమారు 11 లక్షల 90 వేలమంది మృతినొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. 5 ఏండ్లు మొదలు 29 ఏండ్లవరకు గల వయస్సువారిని ఎక్కువగా బలిగొనునది ఇదియే. మృతులలో నూటికి తొంబదిమందికి పైగా బీద, మధ్యతరగతి దేశములవారు. ఇట్టి నష్టమును తలవ్రాతయని సరిపెట్టుకొనుట మన జనులకు అలవాటు. కాని ప్రతి ప్రమాదమునకును కారణము కలదు; కారణము తెలిసినచో నివారణోపాయమును తెలియును. ఈ సంగతిని పొరుగు ద్వీపమగు శ్రీలంకను దృష్టాంతముగా గైకొని విచారింతము.

శ్రీలంక వైశాల్యము 65,610 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య సుమారు 2 కోట్ల 20 లక్షలు. కొలంబోనుండి గాలె పట్టణమునకు సముద్రతీరము వెంట పోవు పాతబాట కిరుప్రక్కల ఇండ్లు, అంగళ్లు, బడులు, గుళ్లు ఎడతెగక యుండును. బస్సు, లారీ, మోటారుసైకిలు, మూడుచక్రముల ఆటో, సైకిలు, నడచిపోవు బాలుడు, అందరికిని బాట యొక్కటియే. నడుమనున్న కొండసీమలో బాటలు ఇరుకు. ఒకవైపు కొండ, వేరొకవైపు లోయ. 2009లో అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట బండ్ల సంఖ్య మిక్కిలి పెరిగినది. ఇటీవలి సంవత్సరములలో ఏటేట రెండువేలమందికి పైగా బాటలపై మరణించుచున్నారు. వీరిలో పెక్కురు మోటారుసైకిళ్లవారును కాలినడకవారును. ఒక్కని సంపాదనపై బ్రతుకు ఇంటిలో ఆ యొక్కడు పోయినచో పిల్లల చదువు కూడ ఆగిపోవును.

ఇక కారణములను చూతము.

మొదటిది వేగము. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు, అనగా సెకనుకు, 10 మీటర్లు సాగును. అడ్డము వచ్చినదానిని చూచి చోదకుడు బ్రేకు త్రొక్కుటకు ఒక క్షణము పట్టుననుకొందము. ఆ లోపల 10 మీటర్లు గడచును. బ్రేకు క్షణమునకు 5 మీటర్ల చొప్పున వేగమును తగ్గించినచో బండి ఆగుటకు మరి 10 మీటర్లు కావలెను, వెరసి 20. వేగము 72 కిలోమీటర్లైనచో మొదటి దూరము 20 మీటర్లగును, రెండవది నాలుగు రెట్లై 40 మీటర్లగును; వెరసి 60. ఇరువది మీటర్ల దూరమున ఒక బిడ్డ బాట దాటుచున్నచో మొదటి బండి ఆగును. రెండవ బండి ఇంకను బ్రేకైనను అందకమునుపే ఆ బిడ్డను చేరును.

రెండవది బస్సుల పోటీ. 1958లో ప్రభుత్వము స్వాధీనపరచుకొన్న బస్సుల వ్యాపారమును 1979లో మరల ప్రైవేటువారికి తెరచిరి. పెక్కు బస్సులలో చోదకుని రాబడి నాటి వసూలుపై ఆధారపడును. ముందుపోయిన బస్సుకే ప్రయాణికులు దొరకుదురు గనుక, ఒకటి రెండవదానిని దాటబోవును. 2005 ఏప్రిల్ 27న పొల్గహవెల సమీపమున రైలు వచ్చుచుండగా పట్టాలు దాటబోయిన బస్సును రైలు ఢీకొనగా ముప్పదిమందికి పైగా మరణించిరి. చోదకుని తప్పును శిక్షించుట న్యాయమే. అయినను పరుగు పెట్టించు జీతపు పద్ధతి మారనిదే ఆ తప్పు వేరొక చోదకునిచేత మరల జరుగును.

మూడవది బండ్లలో క్రిక్కిరిసి ప్రయాణించుట. 2025 మే 11న తెల్లవారకమునుపు, కతరగామనుండి వచ్చుచున్న బస్సొకటి కొత్మలె ప్రాంతమున లోయలో పడగా ఇరువదిమందికి పైగా చనిపోయిరి. ఆ బస్సు మితిమీరిన జనముతో నిండియుండెను.

ఆ దేశమువారు ఊరకుండలేదు. మోటారుసైకిలుపై హెల్మెటు విధిగా ధరింపవలెనని చట్టము చేసిరి. మంచి హెల్మెటు ప్రాణాపాయమును సుమారు నూటికి 40 వంతులు తగ్గించును. కారు ముందుసీట్లలో బెల్టు కట్టుకొనుట 2011లో నిర్బంధమైనది. ఆ యేడే ప్రారంభమైన దక్షిణ రహదారిపై పాదచారులకును, మోటారుసైకిళ్లకును, ఆటోలకును ప్రవేశము లేదు. వేగముగల బండ్లను మెల్లనివానినుండి వేరుచేయుట గొప్ప రక్షణము. అయితే ఊళ్లలోని పాతబాటలకు కాలిబాటలును, బడులయొద్ద 30 కిలోమీటర్ల వేగపరిమితియు మిక్కిలి యావశ్యకములు.

గాయపడినవానికి ఆలస్యమే మృత్యువు. ఇచ్చట మన తెలుగునేలకు సంబంధించిన విశేషమొకటి కలదు. 2005లో హైదరాబాదున ఆరంభమైన 108 అంబులెన్సు సేవను మాదిరిగా గొని, భారతదేశపు ధనసహాయముతో, 2016లో శ్రీలంకలో 88 బండ్లతో 1990 అను సంఖ్యగల ఉచిత సేవ వెలసినది. 2018 మొదలుకొని అది ద్వీపమంతట వ్యాపించినది.

విద్యార్థులారా! చట్టములు చేయుట పెద్దల పని. మన చేతిలోని పనులును కొన్ని గలవు. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కను నడువుడు. ఆగియున్న బస్సు ముందునుండి బాట దాటకుడు. రాత్రివేళ తెల్లని దుస్తులు ధరింపుడు. తండ్రి హెల్మెటు మరచినచో వినయముతో జ్ఞాపకము చేయుడు. తల్లిదండ్రులారా! బస్సు ఆలస్యమైనదని చోదకుని తొందరపెట్టకుడు. పావుగంట ఆలస్యముగ వచ్చిన బిడ్డకు అన్నము వేడిచేసి పెట్టవచ్చును. రాని బిడ్డకు ఏమి చేయగలము?