వేసవిలో మన వీధికి నీళ్ళు వచ్చే నాలుగు దారులు

మార్చి దాటితే చాలు, మొదటి పీరియడ్‌కు ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎక్కువవుతారు. ఎందుకమ్మా అని మేడమ్ అడిగితే చాలాసార్లు వినిపించే జవాబు ఇది: “నీళ్ళొచ్చాయి మేడమ్, పట్టి వచ్చేసరికి ఈ టైమయింది.” ఇళ్ళలో నీళ్ళు పట్టే పని ఎక్కువగా అమ్మలదీ ఆడపిల్లలదీ. అందుకే మన కాలేజీలో వేసవి అంటే ముందు నీళ్ళ సంగతే. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎవరు తెస్తున్నారు, ఎంత ఖర్చవుతోంది అన్న లెక్క మాత్రం మన మాటల్లోకి ఎప్పుడూ రాదు. ఈ వ్యాసంలో ఆ లెక్క చూద్దాం. మన వీధికి నీళ్ళు వచ్చే దారులు నాలుగు: నల్లి, బోరు, ట్యాంకరు, బావి. నాలుగో దారిలో మన తెలుగుకు సంబంధించిన ముఖ్యమైన విషయం ఒకటి ఉంది.

ముందు ఊరి సంగతి

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాది పొడవునా పారే నది ఊళ్ళో లేదు. 1537లో కెంపేగౌడ ఈ ఊరు కట్టించాడని చెప్తారు. అప్పటి నుంచీ చాలాకాలం ఊరికి ఆధారం చెరువులూ బావులే. కన్నడంలో కెరె అంటే మన చెరువు. మనం రోజూ బస్సు దిగే మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి కెరె. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి కెరె ఉండేది. ఊరు పెరిగింది, చెరువులు పూడ్చారు, నీళ్ళకోసం దూరం వెళ్ళడం మొదలైంది. 1896లో హెసరఘట్ట నుంచి, 1933లో తిప్పగొండనహళ్ళి నుంచి, 1974లో కావేరి నుంచి నీళ్ళు తెచ్చుకున్నాం.

మొదటి దారి: నల్లి

కావేరి నీళ్ళు మండ్య జిల్లా తొరెకాడనహళ్ళి నుంచి వస్తాయి. సుమారు 100 కిలోమీటర్ల దూరం. అవి పల్లానికి పారి వచ్చే నీళ్ళు కావు. తొరెకాడనహళ్ళి, హారోహళ్ళి, తాతగుణి, ఈ మూడు చోట్ల పంపులు పెట్టి ఎత్తుకు ఎక్కించాలి. అంటే నల్లి తిప్పినప్పుడు వచ్చే ప్రతి బిందెడు నీళ్ళలోనూ కరెంటు ఖర్చు ఉంది. అక్కడ రిపేరుకు పంపులు ఆపితే ఇక్కడ మన బిందెలు ఖాళీ.

అంత దూరం వచ్చిన నీళ్ళు కూడా అందరికీ ఒక్కసారిగా రావు. వీధి వీధికి వంతు. వాల్వు తిప్పి వంతు ప్రకారం వదిలే మనిషి ఒకరుంటారు. మా ఇంట్లో ఆయన్ని వాల్వ్ మ్యాన్ అంటాం. ఈ పనికి మన భాషలో పాత పేరే ఉంది. చెరువు నీళ్ళను పొలాలకు వంతులవారీగా వదిలే మనిషిని రాయలసీమలోనూ కోలారు వైపూ నీరుగంటి అంటారు, తెలంగాణలో నీరటి అంటారు. చెరువు పోయి పైపు వచ్చినా పని అదే. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎంతసేపు అన్నది ఆ చేతిలో ఉంటుంది.

2007లో నగరంలో కలిసిన 110 గ్రామాలకు మొన్నమొన్నటి దాకా కావేరి అందలేదు. వాటికోసం కట్టిన ఐదో దశ 2024 అక్టోబరు 16న మొదలైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్ల పథకం అది. పైపు వీధిలోకి వచ్చాక ఇంటికి కనెక్షన్ తీసుకోవాలి, దానికి డబ్బు కట్టాలి. కాబట్టి పథకం మొదలైన రోజే అందరి నల్లిలోనూ నీళ్ళు రావు.

రెండో దారి: బోరు

కావేరి అందనిచోట బోరే దిక్కు. మన నేల కింద పైన కొంత మన్ను, మెత్తబడిన రాయి ఉంటాయి. ఆ కింద అంతా గట్టి రాయి. బోరు ఆ రాతి పగుళ్ళలో ఉన్న నీళ్ళను తోడుతుంది. అవి ఏళ్ళ తరబడి మెల్లగా చేరిన నీళ్ళు. మనం తోడే వేగం వాన నింపే వేగం కంటే ఎక్కువ. అందుకే పక్కింటి వాళ్ళు మన బోరు కంటే లోతుగా వేయిస్తే మన బోరు ఎండిపోవచ్చు. తర్వాత మనం ఇంకా లోతుకు పోతాం. ఇప్పుడు ఊరి అంచుల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు మామూలయ్యాయి. తమిళనాడు తిరుచెంగోడు రిగ్గు లారీ వీధిలోకి వచ్చి రాత్రంతా మోత పెడుతుంది. నీళ్ళు పడకపోయినా అడుగుల లెక్కన డబ్బు ఇవ్వాల్సిందే.

2024 వేసవి ఈ దారి ఎంత నమ్మకం లేనిదో చూపించింది. ముందు ఏడాది వానలు సరిగా పడలేదు. నగరంలోని దాదాపు 14,000 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఆ మార్చిలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చెప్పారు. తాగే నీళ్ళతో కారు కడిగినా, మొక్కలకు పోసినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఏప్రిల్ 28న ఎండ 38.5 డిగ్రీలకు చేరింది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఆ వేసవి చాలా కష్టంగా గడిచింది.

మూడో దారి: ట్యాంకరు

ట్యాంకరు నీళ్ళు వేరే నీళ్ళు కావు. ఎక్కువ భాగం ఊరి అంచున ఎవరి స్థలంలోనో తోడిన బోరు నీళ్ళే. వాటికి డీజిలూ డ్రైవరూ కలిసాయి, అంతే. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ధరలు కట్టింది. ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 8,000 లీటర్లకు 700, 12,000 లీటర్లకు 1,000. ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. చిన్న ట్యాంకరు నీళ్ళు లీటరు పది పైసలు పడతాయి, పెద్ద ట్యాంకరువి ఎనిమిది పైసలకు కొంచెం ఎక్కువ. వీధి చివర ఆర్.ఓ. కేంద్రంలో ఐదు రూపాయల నాణెం వేసి 20 లీటర్ల క్యాను పట్టుకుంటే లీటరు 25 పైసలు. పెద్ద సంపు ఉన్న అపార్ట్‌మెంటుకు నీళ్ళు చవక. సంపు లేక బిందెలూ క్యాన్లతో తెచ్చుకునే ఇంటికి ఖరీదు ఎక్కువ, మోసే చాకిరీ అదనం. డబ్బు తక్కువున్నవాళ్ళే లీటరుకు ఎక్కువ ఇస్తున్నారన్నమాట.

2025లో జలమండలి ‘సంచారి కావేరి’ పేరుతో కావేరి నీళ్ళనే ట్యాంకర్లలో బుక్ చేసుకునే ఏర్పాటు చేసింది. ఇది మంచిదే. కానీ 12,000 లీటర్లు దింపుకోవడానికి చోటు ఉండాలి కదా.

నాలుగో దారి: బావి

ఇప్పటిదాకా చూసిన మూడు దారుల్లో ఒకటి దూరానికి పోతుంది, ఒకటి లోతుకు పోతుంది, ఒకటి డబ్బు వెంట పోతుంది. నాలుగోది మన కాళ్ళ కిందే ఉంది. పైనున్న మన్నులో, మెత్తని రాయిలో వాన నీళ్ళు దిగి నిలుస్తాయి. ఇరవై ముప్పై అడుగులు తవ్వితే చాలాచోట్ల ఆ పొర అందుతుంది. నీళ్ళు తోడుకోవడానికి తవ్వితే అది బావి. మేడమీది వాన నీళ్ళను నేలలోకి దించడానికి తవ్వితే ఇంకుడు బావి. 2009లో చట్టం మార్చి పెద్ద స్థలాల్లో ఇళ్ళున్నవాళ్ళు వాన నీళ్ళు పట్టాలని నియమం పెట్టారు. బయోమ్ ట్రస్టు ఈ ఊళ్ళో పది లక్షల ఇంకుడు బావులు తవ్వించాలని ప్రచారం చేస్తోంది.

లెక్క ఇదీ. బెంగళూరులో ఏడాదికి సగటున సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 30×40 సైటు అంటే 1,200 చదరపు అడుగులు. దానిమీద ఏడాదిలో పడే నీళ్ళు లక్ష లీటర్లకు పైనే, అంటే దాదాపు తొమ్మిది పెద్ద ట్యాంకర్లు. కొంత ఆవిరైనా, కొంత పొంగి రోడ్డున పోయినా మిగిలేది తక్కువేం కాదు. డ్రైనేజీ పక్కన బావి తవ్వకూడదు, పరీక్ష చేయించకుండా ఆ నీళ్ళు తాగకూడదు. స్నానానికీ బట్టలకీ మొక్కలకీ వాడుకున్నా ఆ మేరకు కావేరి నీళ్ళు మిగులుతాయి.

ఈ బావులు తవ్వేది ఎవరు? సర్జాపుర దగ్గర భోవిపాళ్యలాంటి చోట్ల ఉండే మణ్ణు వడ్డరు కుటుంబాలు. కన్నడంలో మణ్ణు అంటే మన మన్నే. రాళ్ళ పని చేసేవాళ్ళను కల్లు వడ్డరు అంటారు. తెలుగు రాష్ట్రాల్లో వీళ్ళనే వడ్డెరలు అంటాం. వీళ్ళ ఇంటి భాష తెలుగులో ఒక రూపం. చెరువు కట్టలు, బావులు, రోడ్లు, కోటలు, ఇలా మట్టితోనూ రాతితోనూ చేసే పనులెన్నో తరాలుగా వీళ్ళ చేతుల మీదుగా జరిగాయి. కబ్బన్ పార్కులో పూడిపోయిన ఏడు పాత బావులను బాగుచేసిందీ ఈ పనివాళ్ళే. ఎక్కడ మన్ను మారుతుందో, ఎక్కడ ఊట తగులుతుందో వాళ్ళకు అనుభవంతో తెలుసు. బోర్లు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఇంకుడు బావులతో కొంత తిరిగి వస్తోంది.

మాటల సంగతి

మనం తెలుగు విద్యార్థులం కాబట్టి ఈ నాలుగు దారుల మాటలు కూడా చూద్దాం. నీళ్ళు వచ్చేదాన్ని తెలంగాణలో నల్లా అంటారు, ఆంధ్రలో కొళాయి అంటారు. బెంగళూరు తెలుగు ఇళ్ళలో కన్నడంలాగే నల్లి అంటాం. బోరు, ట్యాంకరు, సంపు, మోటరు, వాల్వు అన్నీ ఇంగ్లీషు నుంచి వచ్చాయి, ఎందుకంటే ఆ వస్తువులు అలాగే వచ్చాయి. బావి దగ్గరికి వస్తే మాత్రం మాటలన్నీ మనవే: నుయ్యి, చేద, బొక్కెన, గిలక, మోకు, ఊట, చెలమ, ఒర, పూడిక. వీటిలో చాలా మాటలు మనకు పుస్తకంలో అర్థంగా తెలుసు, వస్తువుగా తెలియవు. నిఘంటువులో చూసి నేర్చుకునే ఈ మాటలు మనకు పది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఒక కుటుంబానికి పనిముట్లు. కావ్యాల్లోని తెలుగుతోపాటు ఆ తెలుగు కూడా మన చదువులో భాగమే అనుకోవాలి.

మనం చేయగలిగేవి

మన ఇంటికో హాస్టలుకో నీళ్ళు ఈ నాలుగింటిలో ఏ దారిన వస్తున్నాయో అడిగి రాసుకుందాం. ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు, ఎవరు మోస్తున్నారు అన్నవి కూడా. మోసేవాళ్ళ వరసలో అన్నలూ తమ్ముళ్ళూ ఉన్నారో లేదో కూడా రాయండి. కావేరి నీళ్ళ ఇబ్బందికి జలమండలి నంబరు 1916. కరెంటు పోయి మోటరు ఆగితే 1912. మేడమీది పైపు మోరీలోకి పోతోందా, నేలలోకి పోతోందా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రంపూట పడే గట్టి వానలకు ముందే ఆ పైపు దారి మళ్ళిస్తే మంచిది.

ఇంట్లో పెద్దవాళ్ళను బావి మాటలు అడిగి, ఒక్కొక్కరు ఐదేసి మాటలు తెచ్చి ఈ గోడ పత్రిక పక్కన అతికించండి. ఏ ఊరి మాటో కూడా రాయండి. సెలవుల్లోపు మన విభాగానికి ఒక చిన్న నీళ్ళ నిఘంటువు తయారవుతుంది.