అవయవదానం: భద్రత ఎలా చూస్తారు?



"అవయవదానానికి ఒప్పుకుంటే డాక్టర్లు మనల్ని బతికించే ప్రయత్నం మానేస్తారా?" అని పిల్లలు అడిగితే ఈ విషయాలు చెప్పండి.

1. బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్ల బోర్డు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. అవయవాలు తీసే డాక్టర్లు ఆ బోర్డులో ఉండకూడదు. 1994 చట్టం పెట్టిన కట్టుబాటు ఇది.

2. దాత రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేస్తారు.

3. కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా, గ్రహీత సాధారణంగా జీవితాంతం మందులు వాడాలి. అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అందుకే క్రమం తప్పని రక్తపరీక్షలు అవసరం.

తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్నా, చివరికి కుటుంబ సమ్మతి అడుగుతారు. కాబట్టి మీ నిర్ణయం ఏదైనా, ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.